ముందు నీటి వాటం, ఆ తర్వాతే రాయి



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో కొత్తగా ఇల్లు కట్టుకునే కుటుంబాలు ఇప్పుడు స్నానాలగదికి వెనకాడకుండా డబ్బు పెడుతున్నాయి. ఒకప్పుడు పెరటి మూలన ఒక పెద్ద బండ, దాని చుట్టూ ఛాతీ ఎత్తు గోడ ఉంటే అదే జాలాడి, అదే బచ్చలి. ఇవాళ ఆ గది పడకగది పక్కకు వచ్చింది, మేడ మీదకు ఎక్కింది. పెరట్లో ఉన్నంతకాలం నీళ్లు ఎటు పారినా ఇబ్బంది లేదు. ఇంటి నడుమకు వచ్చాక ప్రతి చెంబుడు నీళ్లకూ ఒక దారి చూపాలి. అయినా చాలా ఇళ్లలో ఆలోచన దుకాణంలోనే మొదలవుతోంది. ఏ రాయి బాగా మెరుస్తుంది, ఏ రంగు నప్పుతుంది, పక్కింటివాళ్లు ఏం వేయించారు అన్నవే ముందు ప్రశ్నలు. నీళ్లు ఎటు పోతాయన్న ప్రశ్న, బండలు పరిచి మొదటి బకెట్టు ఒంపిన రోజున గాని రాదు. అప్పటికి చేయగలిగింది తక్కువ. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ప్రాంతంలో కుటుంబమంతా వాడుకునే స్నానాలగదికి రాయి చాలా తగిన సరుకు. అయితే నీటి వాటం ముందు తేల్చుకుని, కాలు ఎక్కడ పడుతుందో తర్వాత చూసుకుని, రాయిని చివరన ఎంచుకోవాలి. ఈ వరస పాటించిన ఇంట్లో సౌకర్యానికొక ఖర్చు, అందానికొక ఖర్చు అంటూ విడిగా ఉండవు.

రాయి మనకు తగినదని ఎందుకంటున్నానో ముందు చెప్పాలి. పెనుకొండ కొండ, లేపాక్షి గుట్టలు, ధర్మవరం చుట్టూ కనిపించే గుండ్లు, ఇవన్నీ గ్రానైటు, నైసు జాతి రాళ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. భూమి లోపల నిదానంగా చల్లారి గట్టిపడ్డవి కాబట్టి వాటిలో నీళ్లు దూరే సందు చాలా తక్కువ. మరోవైపు తాడిపత్రి, బేతంచెర్ల, కడప జిల్లా ప్రాంతాల్లో దొరికే నాపరాళ్లున్నాయి. అవి ఒకనాటి లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాళ్లు. అందుకే పలకలుగా విడివడతాయి, తక్కువ శ్రమతో బండలవుతాయి. ఈ రెండు జాతుల మధ్య మన పట్టణాలు ఉన్నాయి. రాజస్థాన్ నుంచో ఇటలీ నుంచో పాలరాయి తెప్పించుకోవాల్సిన అవసరం లేదు. దగ్గర దొరికే రాయిలో ఇంకో సుఖం ఉంది. పదిహేనేళ్ల తర్వాత ఒక బండ పగిలితే దాని జోడీ ఇక్కడే దొరుకుతుంది. దాన్ని కోసే మనిషి, పరిచే బేల్దారి మేస్త్రీ కూడా ఇక్కడే ఉంటారు.

రాయిని ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి అన్న వివేకం కూడా ఈ నేలకు కొత్తది కాదు. విజయనగర కాలపు గోపురాలను గమనిస్తే, బరువు మోసే కింది భాగం రాతితో, పైన అంతస్తులు ఇటుకతో, సున్నపు గచ్చుతో కనిపిస్తాయి. అవసరమున్న ఎత్తు వరకే రాయి వాడి, అక్కడి నుంచి తేలిక సరుకుకు మారారు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారని చెప్పే లేపాక్షి వీరభద్రాలయం కూర్మశైలం అనే సహజ శిలపైనే లేచింది. అక్కడ స్తంభాల మీద సన్నని చెక్కడం ఉంటుంది, నడిచే నేల మీద ఉలి గాట్లతో సరిచేసిన సాదా బండలుంటాయి. మడకశిర దగ్గరి హేమావతిలో, నొళంబుల నాటి ఆలయాల నల్లరాతి స్తంభాలకు నిగనిగలాడే నునుపుంది. ఆ నునుపు కన్ను చూసే స్తంభానికిచ్చారు, కాలు తొక్కే నేలకు ఇవ్వలేదు. తడి కాళ్లతో, నూనె మరకలతో, పిల్లాపాపలతో వేలమంది తిరిగే చోట శిల్పులు తీసుకున్న ఈ నిర్ణయం మన అయిదడుగుల గదికీ సరిగ్గా పనికొస్తుంది.

ఇక నీటి సంగతి. మన ఇళ్లలో స్నానమంటే ఎక్కువగా బకెట్టు, చెంబు. షవర్ ఉన్నా, తలంటు రోజున, పసిపిల్లలకు నీళ్లు పోసేటప్పుడు, పెద్దవాళ్లు పీట మీద కూర్చున్నప్పుడు బకెట్టే వాడతాం. షవర్ నీళ్లు సన్నగా, ఒకే చోట పడతాయి. చెంబుతో పోసిన నీళ్లు ఒక్కసారిగా నేల మీద పరుచుకుని నాలుగు వైపులకూ చిమ్ముతాయి. అందుకే విదేశీ పత్రికల్లో కనిపించే గాజు తలుపుల గది నమూనా మన వాడుకకు అతకదు. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న మామూలు గదిని తీసుకుందాం. తలుపు వైపు నాలుగడుగులు కమోడ్‌కూ, చేతులు కడిగే బేసిన్‌కూ వదిలి, దూరపు నాలుగడుగులు స్నానానికి కేటాయిస్తే, పొడి భాగం పొడిగానూ తడి భాగం తడిగానూ ఉంటాయి. రెండింటి మధ్య పదో పన్నెండో మిల్లీమీటర్ల పల్లం చాలు. అంతకు మించిన మెట్టు పెడితే ముసలివాళ్ల కాలికి తగులుతుంది. తడి భాగంలో 60కి 1 వాటం పెడితే, నాలుగడుగులకు, అంటే సుమారు 120 సెంటీమీటర్లకు, 2 సెంటీమీటర్ల దిగుడు వస్తుంది. కంటికి కనిపించదు, నీటికి మాత్రం తెలుస్తుంది.

వాటం ఎంత ఉండాలన్న దానితో పాటు ఎటు ఉండాలన్నది కూడా ముఖ్యం. ఇక్కడే రాతి స్నానాలగదులు ఎక్కువగా చెడిపోతున్నాయి. గది నడుమనో మూలనో నీళ్లు దిగే నహానీ ట్రాప్ పెట్టి, నేలను నాలుగు వైపుల నుంచీ దాని వైపు వాల్చడం అలవాటు. చిన్న టైళ్లయితే ఆ ఒంపుకు లొంగుతాయి. రెండడుగుల బండ లొంగదు. దాన్ని మూల నుంచి మూలకు కోసి త్రికోణాలు చేయాలి, లేదా ఒక అంచు లేపి పెట్టాలి. కోస్తే అందం పోతుంది, లేపితే కాలికి తగులుతుంది, నీళ్లు నిలుస్తాయి. దీనికి ఉపాయం పాత జాలాడిలోనే ఉంది. అక్కడ బండ మొత్తం ఒకే వైపుకు వాలి ఉండేది, గోడ అడుగున తూము ఉండేది. ఇప్పుడు కూడా దూరపు గోడ వెంబడి పొడవాటి సన్న కాలవ తీసి, దాని మీద ఎత్తి శుభ్రం చేసుకునేలా అదే రాతి పట్టీని పరిస్తే, నేలంతా ఒకే తలంగా ఒకే దిక్కుకు వాలుతుంది. బండలు కోయాల్సిన పని తప్పుతుంది, నేల మీద గీతలు తిన్నగా వస్తాయి. కాలవ చివర ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీటి అడ్డు ఉంటే మురుగు వాసన, బొద్దింకలు పైకి రావు. చూడండి, నీటి కోసం చేసిన ఏర్పాటే గదికి ఆ తీరైన రూపం ఇచ్చింది.

బండ కింద ఏముందన్నది ఎవరికీ కనిపించదు, కాబట్టి చాలామంది అక్కడే పొదుపు చేస్తారు. గ్రానైటు నీటిని పెద్దగా పీల్చదన్నది నిజమే, కానీ బండకూ బండకూ మధ్య సందులుంటాయి. ఆ సందుల్లోంచి దిగిన నీళ్లు స్లాబుకు చేరి, కింది గది పైకప్పు మీద మచ్చలవుతాయి, గోడలకు చవుడవుతాయి, లోపలి ఇనుప కడ్డీలకు తుప్పవుతాయి. కాబట్టి బండ పరిచే ముందు నేలంతటా, గోడల మీద కనీసం ఒక అడుగు ఎత్తున, స్నానం చేసే మూలలో తల ఎత్తు దాకా, నీరు దిగని పూత వేయించాలి. తర్వాత తూము మూసి, నేల మీద నీళ్లు నింపి, కనీసం 24 గంటలు, వీలైతే రెండు రోజులు అలాగే ఉంచి కింద చెమ్మ వచ్చిందేమో చూడాలి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు కొన్ని బకెట్ల నీళ్లే. బండ పరిచాక దాన్ని చెక్క సుత్తితోనో నాణెంతోనో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట కింద సిమెంటు నిండలేదని అర్థం. అక్కడ నీళ్లు చేరతాయి, బరువు పడితే బండ విరుగుతుంది. ఆరిపోక ముందే ఎత్తి మళ్లీ పరిపించడం మేలు.

ఇప్పుడు ఏ రాయి అన్న ప్రశ్నకు వద్దాం. గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కువ. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో అవి 6, 7 అంకెల దగ్గర ఉంటాయి. నాపరాయి, పాలరాయి ప్రధానంగా కాల్సైట్, దాని గట్టిదనం 3. అంతకంటే ముఖ్యమైన తేడా యాసిడ్ దగ్గర వస్తుంది. స్నానాలగది కడగడానికి మన బజారులో అమ్మే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది కాల్సైట్‌ను కరిగిస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా నిదానంగా అదే పని చేస్తాయి. మన బోరునీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉండే చోట కుళాయిల మీద, గోడల మీద తెల్లని పొర కడుతుంది. దాన్ని వదిలించడానికి ఇల్లాలు యాసిడో వెనిగరో వాడక తప్పదు. నీటి పొర కూడా సున్నమే, నాపరాయి కూడా సున్నమే కాబట్టి మొదటిదాన్ని పోగొట్టే మందు రెండోదాన్ని కూడా తింటుంది. అందువల్ల తడి భాగంలో గ్రానైటు, పొడి భాగంలోనూ బయటి నడవలోనూ నాపరాయి అన్నది మన నీటికి తగిన విభజన. గ్రానైటుకైనా గాఢమైన యాసిడ్ తరచూ వాడకూడదు. రాయి తట్టుకున్నా సందుల్లోని సిమెంటు తట్టుకోదు.

రంగు ఎంచుకోవడంలో కూడా నీటి మాటే వినాలి. నల్లని గ్రానైటు దుకాణంలో మనసు లాగేస్తుంది. ఇంటికొచ్చాక ఉప్పునీటి చుక్క ఆరిన ప్రతిచోటా దాని మీద తెల్ల మచ్చ కనిపిస్తుంది. మన కొండల బూడిదరంగు రాయిలో తెలుపు, నలుపు గింజలు కలిసే ఉంటాయి కాబట్టి అదే మచ్చ అందులో కలిసిపోతుంది. కొనేముందు రెండు చిన్న పరీక్షలు చేయించుకోవచ్చు. రాతి ముక్క మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి పావుగంట తర్వాత తుడిస్తే, నీళ్లు పీల్చే రాయి అక్కడ నల్లబడి ఉంటుంది. ఇంకో మూలన నిమ్మరసం వేసి కొంతసేపుంచి కడిగితే, సున్నపురాయి మెరుపు పోయి మసకబారుతుంది. ఈ రెండు పరీక్షలకూ ఒప్పుకోని దుకాణందారు దగ్గర బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

అందమైన రాతి గదికి అసలు పరీక్ష తడికాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, ప్రపంచమంతటా ఏటా 6,84,000 మంది కింద పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్లు పైబడినవారే ఎక్కువ. నునుపైన రాతి మీద సబ్బునీటి పొర అరికాలికీ బండకూ మధ్య చేరితే పట్టు పోతుంది. ఉగాదికో దీపావళికో నువ్వులనూనె పట్టించి తలంటు పోసే రోజున ఆ ప్రమాదం రెట్టింపు. గరుకు బండ మీద చిన్న చిన్న మిట్టలు ఆ నీటిపొరను చీల్చి కాలికి పట్టునిస్తాయి. కాబట్టి తడి నేలకు పాలిష్ గ్రానైటు ఎంత ఖరీదైనదైనా వద్దు. మంట పెట్టి పైపొర చిట్లించిన ఫ్లేమ్డ్ రాయి గాని, బ్రష్‌తో రుద్ది గరుకుగా ఉంచిన లెదర్ ఫినిష్ గాని, ఉలితో చేతి గాట్లు పెట్టించిన బండ గాని వేసుకోవాలి. ఇంకో చవక మార్గం కూడా ఉంది. గ్రానైటు ఫ్యాక్టరీల్లో పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు పక్కన పడేస్తారు. వాటిని నాలుగంగుళాల చదరాలుగా కోయించి పరిస్తే, అడుగడుగునా సందు వచ్చి కాలికి పట్టు దొరుకుతుంది. అయితే సందులు పెరిగే కొద్దీ శుభ్రం చేసే పని కూడా పెరుగుతుంది. వాటిని మామూలు సిమెంటుతో కాకుండా ఎపాక్సీ గ్రౌట్‌తో నింపితే బూజు, మురికి తక్కువ పడతాయి.

గోడల దగ్గరకు వస్తే, పై నుంచి కింది దాకా రాయి తాపడం చేయించడం గొప్పగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైటు చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 5 అడుగులు, 8 అడుగుల గదికి చుట్టుకొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తున తాపితే, తలుపు తీసేసినా, 165 చదరపు అడుగులు, అంటే 800 కిలోలకు పైగా. నేల బరువు, కింది సిమెంటు బరువు కలిపితే టన్ను దాటుతుంది. మేడ మీది గదికి ఈ బరువు ముందే లెక్కలో లేకపోతే ఇబ్బంది. పైగా నాలుగు వైపులా రాయి ఉన్న చిన్న గది ఇరుకుగా, చీకటిగా అనిపిస్తుంది, మాట్లాడితే మోగుతుంది. గోపురం కట్టినవాళ్ల పద్ధతి ఇక్కడ కూడా పనిచేస్తుంది. స్నానం చేసే మూలలో రెండు గోడలకు భుజం ఎత్తు వరకు రాయి, మిగతా గోడలకు నేల నుంచి ఒక అడుగు రాతి పట్టీ, పైన తెల్లని సున్నం గాని తేమను తట్టుకునే పెయింట్ గాని వేస్తే, బరువు సగానికి తగ్గుతుంది, వెలుతురు పెరుగుతుంది. తెల్లగోడ పక్కన ఉన్నప్పుడే రాతి గింజ కంటికి ఆనుతుంది.

గోడ మీద రాయి తగ్గిస్తే మిగిలిన డబ్బును మూడుచోట్ల పెట్టొచ్చు. మొదటిది కూర్చునే అరుగు. స్నానపు మూలలో అడుగున్నర ఎత్తున, ఇటుకతో కట్టి పైన ఒకే గ్రానైటు పలక వేసిన అరుగుంటే, కాళ్ల నొప్పులున్న అవ్వా తాతలు పీట మీద నుంచి లేవడానికి కష్టపడక్కర్లేదు. తల్లి బిడ్డను అక్కడే పడుకోబెట్టి నీళ్లు పోయొచ్చు. రెండోది గూడు. సబ్బు, సీకాయ, నూనెగిన్నె పెట్టుకోవడానికి గోడలో గూడు వదిలి, దాని అడుగుపలకను కాస్త ముందుకు వాల్చితే నీళ్లు నిలవవు, ప్లాస్టిక్ స్టాండ్ల అవసరం ఉండదు. మూడోది చేతికి పట్టు. కమోడ్ పక్కన, అరుగు పక్కన స్టీలు కడ్డీ బిగించాలంటే రాతి పలక మందం చాలదు, వెనక గోడలో గట్టి ఆధారం ఉండాలి. ఇంట్లో ఇప్పుడు పెద్దవాళ్లు లేకపోయినా ఆ చోట్లు గుర్తుపెట్టి గోడ గట్టిగా కట్టించుకోవాలి. ఇల్లు యాభై ఏళ్లు నిలిస్తే అందులో ఉన్నవాళ్లు కూడా యాభై ఏళ్లు పెద్దవాళ్లవుతారు కదా.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది, టైలు ఉండగా రాయి దేనికని. ఈ మాటలో న్యాయం ఉంది. విట్రిఫైడ్ టైలు కూడా నీటిని అర శాతం కంటే తక్కువే పీలుస్తుంది, తేలిక, కొలతలు కచ్చితంగా ఉంటాయి, మేస్త్రీలకు అలవాటైన పని. డబ్బు బిగువుగా ఉన్నవాళ్లు గరుకు టైలు వేసుకుని, వాటం, పూత సరిగ్గా చేయించుకుంటే, వాటం తప్పిన గ్రానైటు గది కంటే వాళ్లదే మేలైన గది. రాయికి మొగ్గు చూపడానికి కారణం దాని ఆయుష్షు. టైలు మీద పూత అరిగితే మళ్లీ తేలేం. పైగా దాని డిజైను నాలుగేళ్లకు బజారులో దొరకదు. రాయి లోపలి దాకా ఒకటే కాబట్టి అరిగిన చోట మళ్లీ గాట్లు పెట్టించవచ్చు, ఎత్తి ఇంకోచోట పరచవచ్చు. టైలు 1200 డిగ్రీల బట్టీలో కాలి రావాలి. రాయిని తీసి, కోసి, మోస్తే చాలు. అందువల్ల దగ్గరి రాయి అయితేనే ఈ వాదం నిలుస్తుంది. సముద్రాలు దాటి వచ్చిన పాలరాయికి ఇది వర్తించదు.

రెండో అభ్యంతరం చలి. ఇది హిందూపురం వైపు నుంచి ఎక్కువగా వస్తుంది, రావాలి కూడా. ఆ ఊరు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉంది. మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజామున అక్కడి రాతి నేల మీద కాలు పెట్టడం సుఖంగా ఉండదు. రాయి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి గదిలోని గాలి కంటే చల్లగా తోస్తుంది. దీనికి సమాధానాలు సాదావి. తూర్పు కిటికీ పెట్టుకుంటే ఎండ లోపలికొస్తుంది, తేమ కూడా ఆరుతుంది. పొడి భాగంలో కొబ్బరిపీచు పట్టా వేసుకోవచ్చు. స్నానపు చోట మొదటి చెంబు వేడినీళ్లు పడగానే బండ వెచ్చబడుతుంది. ధర్మవరం అంతకంటే చాలా పల్లంలో, వేడిగా ఉంటుంది. మగ్గాలు నడిచే ఆ ఊరి ఇళ్లలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం అదే చల్లదనాన్ని కోరి తెచ్చుకుంటారు. ఒకే రాయి రెండు ఊళ్లలో రెండు రకాలుగా తోస్తుంది కనుక, నేలంతా రాయి వేయాలా సగమే వేయాలా అన్నది ఊరిని బట్టి నిర్ణయించుకోవాలి.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. మన స్నానాలగదుల కోసం కొండలు తవ్వడమేమిటని అడిగేవాళ్లున్నారు. రాయి కోసేటప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బు నయం కాదు. దీన్ని అందం పేరుతో దాటవేయకూడదు. ఇంటివాళ్ల చేతిలో ఉన్నవి రెండు పనులు. ఇంటి ముందు కోత పని జరిగేటప్పుడు పొడిగా కోయనివ్వకుండా నీళ్లు పోస్తూ కోయించడం, మంచి మాస్కు ఇప్పించడం ఒకటి. రాయిని తక్కువగా వాడడం రెండోది. నేల, భుజం ఎత్తు గోడ, అరుగు, గడప వరకే రాయి పరిమితం చేసి, ఫ్యాక్టరీ ముక్కలను వాడితే, నాలుగు గోడలూ తాపిన గదితో పోలిస్తే సగం రాయితో గది పూర్తవుతుంది. గోడల గురించి ఇందాక బరువు, వెలుతురు లెక్కతో చేరుకున్న నిర్ణయమే ఇక్కడ కూడా కొండకూ, కూలీకీ మేలు చేస్తోంది.

చివరగా, తూము దాటిన నీళ్ల మాట. పాత అనంతపురం జిల్లా ప్రాంతమంతా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ. భారత ప్రమాణాల సంస్థ మనిషికి రోజుకు లెక్కగట్టే 135 లీటర్లలో స్నానానికే 55 లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో అది రోజుకు 275 లీటర్లు, ఏడాదికి లక్ష లీటర్లు. పాత జాలాడి నీళ్లు పెరట్లో అరటికీ, కొబ్బరికీ, కరివేపాకుకూ పారేవి. కొత్త ఇళ్లలో మరుగుదొడ్డి గొట్టంలోనే కలిపేస్తున్నాం. స్నానపు నీటికి విడిగా ఒక గొట్టం వేసి, కంకర, ఇసుక నింపిన చిన్న గుంత గుండా చెట్లకు మళ్లిస్తే ఖర్చు పెద్దగా పెరగదు. అయితే అది గోడలు లేవకముందే గీసుకోవాల్సిన గీత. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం ఆ నీళ్లు పెట్టకూడదు, గుంతలో నిల్వ ఉంచకూడదు.

ఇన్ని సంగతులూ కలిపి చూస్తే పని వరస తేటపడుతుంది. మేస్త్రీతో మొదటి రోజు మాట్లాడాల్సింది తూము ఎక్కడ, వాటం ఎటు, స్నానపు నీళ్లు ఏ చెట్టుకు అన్నవి. రెండో మాట నీరు దిగని పూత, దాని పరీక్ష. మూడో మాట ఇంట్లో ఎవరెవరు, వాళ్ల వయసెంత, అరుగు ఎక్కడ, కడ్డీ ఎక్కడ. ఈ మూడూ తేలాక కాగితం మీద రాయి ఎక్కడ కావాలో, ఎంత కావాలో, ఎంత గరుకుగా కావాలో దానంతటదే తేలుతుంది. అప్పుడు దుకాణానికి వెళ్లినవారిని ఏ మెరుపూ మోసం చేయలేదు, ఎందుకంటే వాళ్లు ఏం అడగాలో తెలిసే వెళ్లారు. మెరుపును చూసి కట్టిన గదికి మెరుపు తగ్గిన రోజున చెప్పుకోవడానికేమీ మిగలదు. నీటిని, కాలిని, ఇంటి మనుషులను చూసి కట్టిన గది రోజూ వాడుతున్న కొద్దీ ఇంకా నచ్చుతుంది. పెనుకొండ కొండరాయితోనే అలాంటి గది కట్టుకోవచ్చు, తాడిపత్రి బండ దానికి తోడు నిలుస్తుంది, మన మేస్త్రీలకు ఆ పని వచ్చు. మనం చేయాల్సింది వాళ్లను సరైన వరసలో అడగడమే.